భయమునకు మందు

అహోబిలము చూచినవారికి ఉగ్రస్తంభము తెలియును. ఎగువ అహోబిలము నుండి భవనాశిని వెంట రాళ్లమీద నడచి, జ్వాలా నరసింహస్వామి సన్నిధి వరకు మెట్లెక్కి, ఆ పైన ఇంకను ఎక్కగల ఓపిక ఉన్నవారు మాత్రమే ఆ కొండకొమ్మును చేరుదురు. స్తంభమును చీల్చుకొని స్వామి వెలువడినది అక్కడనే యని స్థలపురాణము. ఆ దారిలో ఎంతటివానికైనను గుండె దడదడ కొట్టుకొనును. ఆయాసము వచ్చును. నోరు ఎండును, కాళ్లు వణకును. చెట్టునీడను కూర్చుండి నాలుగు గుక్కల నీరు త్రాగినచో అన్నియు తగ్గును. తగ్గునని మనకు ముందుగనే తెలియును గనుక భయపడము.

ఆ దడయే, ఆ ఆయాసమే, మెట్లు లేని చోట, ఎండ లేని వేళ, ఇంటిలో మంచముమీద పండుకొనియున్న మనిషికి వచ్చినచో ఏమగును? అట్టివానికి మందుబిళ్ల ఇయ్యవలెనా, వద్దా? ఇచ్చినచో ఏది, ఎంతకాలము? ఈ సాయంకాలము నేను ముచ్చటింపదలచినది దీనిని గురించియే. నేను మానసిక వైద్యుడను కాను. ఆళ్లగడ్డ ప్రాంతమున ముప్పదియేండ్లకు పైగా జ్వరములు, దగ్గులు, తేలుకాట్లు చూచుకొనుచు వచ్చిన సాధారణ వైద్యుడను. ఈ విషయమున నేను చేసిన పొరపాటు ఒకటి ఉన్నది. అది చెప్పకుండ మిగిలినది చెప్పుట న్యాయము కాదు.

ఆళ్లగడ్డ శిల్పులను గురించి శ్రోతలలో చాలమంది వినియుందురు. రాతిని దేవుడుగా మలచు చేతులు వారివి. అట్టి శిల్పి యొకడు, నలుబదియేండ్లవాడు, ఎనిమిదేండ్ల క్రిందట బంధువులతో కలిసి అహోబిలము పోయినాడు. అంతకుముందు నాలుగు రాత్రులు సరిగా నిద్ర లేదు. బయానా తీసికొన్న విగ్రహము గడువుకు పూర్తికాలేదను దిగులు. ఆనాడు ఉపవాసము, కడుపులో రెండు గ్లాసుల టీ తప్ప ఏమియు లేదు. జ్వాలా నరసింహుని మెట్లమీద గుండె కొట్టుకొన మొదలిడినది. కూర్చున్నాడు. తగ్గలేదు. వ్రేళ్లు తిమ్మిరెక్కినవి, పెదవులు మొద్దుబారినవి, చూపు మసకబారినది. చచ్చిపోవుచున్నానని కేక వేసినాడు. యాత్రికులను మోయు డోలీవారు అతనిని క్రిందికి దింపినారు. సాయంకాలమునకు నా వద్దకు తీసికొనివచ్చినారు.

"సార్, నా గుండె నిలబడిపోతాంది. రాసిపెట్టుకోండి, ఈ పొద్దు నేను పోతాను" అన్నాడు.

నేను చేయవలసినవి చేసితిని. గుండె చిత్రము తీసితిని. రక్తము, చక్కెర, థైరాయిడు చూపించితిని. అతడు రాతిపొడి పీల్చు వృత్తివాడు. సిలికోసిస్ అను ఊపిరితిత్తుల జబ్బు ఆ పనివారికి వచ్చును గనుక ఎక్స్‌రే కూడ తీయించితిని. అన్నియు బాగుగనే ఉన్నవి. నేను సంతోషించి, "నీకేమీ లేదయ్యా, పోయి పని చేసుకో" అంటిని.

"ఏమీ లేకుంటే నాకెందుకిట్లయితాది సార్?" అని అతడు అడిగినాడు. ఆ ప్రశ్నకు నా వద్ద సమాధానము ఉన్నది, కాని బయట ఇరువది మంది రోగులు వేచియున్నారు.

ఏమీ లేదని చెప్పుట వైద్యుడు సులభముగ చేయు తప్పు. ఏమీ లేనిదానికి మనిషి చెమటలు పట్టి వణకడు. నేనానాడు చెప్పవలసినది ఇది: నీకు వచ్చినది గుండెపోటు కాదు, గాబరాపోటు. ఇంగ్లీషు వైద్యులు దీనిని పానిక్ అందురు. నల్లమలలో దారిన పోవుచుండగా ఎలుగుబంటి ఎదురైనదనుకొనుము. ఆలోచించుటకు ముందే దేహము సిద్ధమగును. అడ్రినలిన్ అను రసము రక్తములో కలియును. పరుగెత్తుటకు కాళ్లకు రక్తము కావలెను గనుక గుండె వేగముగ కొట్టుకొనును, ఊపిరి వేగముగ ఆడును. ఎలుగుబంటి ఉన్నప్పుడు ఇది ప్రాణరక్షణ. ఒక్కొక్కరిలో ఈ గంట ఎలుగుబంటి లేకుండనే మ్రోగును. పరుగు లేదు, ఊపిరి మాత్రము అతివేగముగ ఆడుచున్నది. అందుచేత రక్తములోని బొగ్గుపులుసు గాలి తగ్గిపోవును. తిమ్మిరి, తల తిరుగుట, పెదవులు మొద్దుబారుట దానివలననే. పది నిముషములలో ఈ పోటు శిఖరమును అందుకొని, ఆ వెనుక దిగిపోవును. ఎంత భయంకరముగ ఉన్నను గాబరాపోటే మనిషిని చంపదు.

ఇది క్రొత్త జబ్బు కాదు. అమెరికా అంతర్యుద్ధములోని సైనికులకు ఇట్టి గుండెదడ వచ్చుట చూచి, డా కోస్టా అను వైద్యుడు 1871లోనే దానిని వర్ణించినాడు. ప్రత్యేకమైన జబ్బుగా అమెరికా మానసిక వైద్యుల గ్రంథమునకు ఎక్కినది మాత్రము 1980లో. మన ఊళ్లలో దీనికి పేర్లకు కొదువ లేదు: దడుపు, బెదురు, గాలి సోకుట, గుండె జారుట. మా శిల్పికి అడవిలో గాలి సోకినదని పెద్దలు నిర్ణయించి తాయెత్తు కట్టించినారు. తాయెత్తుతో నాకు తగవు లేదు. తాయెత్తు కట్టినవారు వైద్యుని మాన్పించినప్పుడే నాకు తగవు.

ఆ నెలలో అతనికి మరి మూడుసార్లు పోటు వచ్చినది. ఒకసారి బస్సులో, ఒకసారి పెండ్లిపందిరిలో, ఒకసారి నిద్రలో. పోటుకన్న పోటు వచ్చునేమో యను భయము ఎక్కువైనది. బస్సు ఎక్కుట మానినాడు. సంత మానినాడు. సంక్రాంతి వెళ్లిన తరువాత అహోబిల స్వాములు పారువేటకై బయలుదేరి నలుబది దినములకు పైగా ఊరూర విడిది చేయుదురు గదా. పల్లకి తన ఊరికి వచ్చినప్పుడు గుంపులో నిలువలేక ఇంటి తలుపు వేసికొని కూర్చున్నాడు. దేవుడు వీథిలోనికి వచ్చినను వాకిలి దాటలేని స్థితి అది. ఈ జబ్బులో మనిషిని తినివేయునది దడ కాదు, ఈ వాకిలియే.

అప్పుడు నేను అల్‌ప్రజోలామ్ అను బిళ్ల వ్రాసితిని. పావు మిల్లీగ్రాము, దినమునకు రెండు, పదునైదు దినములు. బిళ్ల వేసికొన్న అరగంట, గంటలో అతని భుజములు దిగినవి. మరుసటి వారము వచ్చి నా చేతులు పట్టుకొన్నాడు. నేనును ఉబ్బితిని. ఎప్పుడు మానవలెనో చెప్పలేదు. ఎందుకు మానవలెనో అసలే చెప్పలేదు.

ఈ జాతి మందుల కథ కొంత చెప్పవలెను. మనసును నెమ్మదిపరచు మందు కావలెనని మనుష్యులు మొదటినుండి వెదకుచునే ఉన్నారు. మన దేశమున సర్పగంధి వేరును నిద్రకు, ఉన్మాదమునకు ఎంతో కాలముగ వాడుచుండిరి. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ రక్తపు పోటునకు దాని గుణమును 1949లో ప్రకటింపగా లోకము దృష్టి దానిమీద పడినది. 1952లో స్విట్జర్లండువారు ఆ వేరు నుండి రెసర్పిన్ అను సారమును వేరుపరచినారు. అది మనసును శాంతింపజేసినది. కొందరిని తీరని విచారములోనికి కూడ దించినది. చెట్టుమందు గనుక హాని చేయదను మాట నేను వినినప్పుడెల్ల నాకు ఆ వేరు గుర్తు వచ్చును. తరువాత లియో స్టెర్న్‌బాక్ అను రసాయన శాస్త్రజ్ఞుడు కనుగొన్న లిబ్రియము 1960లోను, వేలియము 1963లోను అంగళ్లకు వచ్చినవి. అల్‌ప్రజోలామ్ ఆ కుటుంబములోనిదే. అమెరికాలో 1981లో అమ్మకమునకు వచ్చినది. ఇవి మెదడులో సహజముగ ఉన్న ఒక కళ్లెమును మరింత బిగించును. గుర్రము వెంటనే ఆగును. ఆ వేగమే వాని గుణము. ఆ వేగమే వాని దోషము.

కొన్ని వారములలోనే దేహము ఆ కళ్లెమునకు అలవాటు పడును. పాత మోతాదు చాలదు. హఠాత్తుగ మానినచో మొదట ఉన్న భయము రెండింతలై తిరిగివచ్చును. నిద్ర పోవును, చేతులు వణకును, ఒక్కొక్కరికి మూర్ఛ కూడ వచ్చును. దీనికి సాక్ష్యము కొరకు విదేశములకు పోనక్కరలేదు. మన కర్నూలుకు ఏటి ఆవల నున్న పాలమూరులోను, నిజామాబాదులోను కల్లులో దొంగచాటుగ ఈ అల్‌ప్రజోలామ్‌ను, డయజిపామ్‌ను కలిపి అమ్ముచుండిరి. 2015 సెప్టెంబరులో ప్రభుత్వము కల్తీని గట్టిగ అరికట్టగా, త్రాగువారు వందల సంఖ్యలో వణకుతో, పిచ్చిచూపులతో, మూర్ఛలతో ఆసుపత్రులకు చేరినారు. హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయమునకు కూడ వచ్చినారు. వారు తాము కల్లు త్రాగుచున్నామనుకొన్నారు. బిళ్ల మ్రింగుచున్నామని వారికి తెలియదు.

మా శిల్పికి తెలియును, కాని నేను చెప్పనిది తెలియదు. పదునైదు దినముల చీటీతో మూడేండ్లు మందు కొన్నాడు. చీటీ మడతలు పడి చిరిగినచో అట్టకు అంటించుకొన్నాడు. ఈ మందును అమ్మినప్పుడు రోగి పేరు, వైద్యుని పేరు ప్రత్యేకమైన పుస్తకములో వ్రాసి మూడేండ్లు భద్రపరచవలెనని 2014 నుండి చట్టము ఉన్నది. చట్టము ఉన్నది, పుస్తకము ఉన్నది, వ్రాయువాడు మాత్రము అన్నిచోట్ల లేడు. కాని అంగడివానిని నేనేమని నిందింతును? ఆ చీటీమీద సంతకము నాది.

రెండు బిళ్లలు ఆరైనవి. బస్సు ఎక్కుటకు ఒకటి, సంతకు ఒకటి, నిద్రకు రెండు. అయినను పారువేట పల్లకి ముందుకు అతడు పోలేదు. ఇది గమనింపవలసిన సంగతి. మందు దడను తగ్గించినది గాని, వాకిలి దాటించలేదు. పైగా, బిళ్ల జేబులో లేనిదే బయటకు పోరాదను క్రొత్త భయమును నేర్పినది. ఉలి పట్టిన చేయి మందకొడి అయినది; ఒక విగ్రహము ముక్కు చెక్కుచు పొరపాటున విరుగగొట్టినాడు. ఆ రాయి నష్టము అతడే భరించినాడు.

ఒకసారి బంధువుల ఊరిలో పెండ్లికి పోయి, బిళ్లల పొట్లము మరచినాడు. రెండవనాటి రాత్రి మూర్ఛ వచ్చినది.

అతని భార్య అట్టకు అంటించిన ఆ చీటీని తెచ్చి నా బల్లమీద పెట్టినది. ఒక్క మాట కూడ అనలేదు. అన్నచో బాగుండెడిదని ఇప్పటికిని అనుకొందును.

నేను వారిని కర్నూలు పెద్దాసుపత్రి మానసిక వైద్యుని వద్దకు వెంటబెట్టుకొని పోయితిని. నూరు కిలోమీటర్లకు పైబడిన ప్రయాణము. అతడు బస్సులో కండ్లు మూసికొని భార్య చేయి పట్టుకొని కూర్చున్నాడు. అచ్చటి వైద్యుడు వయస్సులో నాకన్న చాల చిన్నవాడు. చీటీ చూచి, నావైపు చూచి, నన్ను నొప్పింపకుండ మాటలాడినాడు. అల్‌ప్రజోలామ్‌ను ఒక్కసారిగ మాన్పలేదు. దేహములో ఎక్కువసేపు నిలుచు అదే జాతి మందునకు మార్చి, రెండు మూడు వారములకు ఒకసారి కొంచెము కొంచెముగ కోసికొనుచు వచ్చినాడు. ఎక్కుటకు మూడేండ్లు పట్టిన మెట్లు దిగుటకు ఎనిమిది నెలలు పట్టినవి. శ్రోతలలో ఎవరైన ఇట్టి బిళ్లను చాలకాలముగ వాడుచున్నచో, ఈ ప్రసంగము విని రేపు ఉదయము దానిని పారవేయకుందురు గాక. వైద్యుని చూచి, మెల్లగ దిగవలెను.

దానితో పాటు సెర్ట్రాలిన్ అను మరొక మందు మొదలుపెట్టినాడు. ఇది వేరు జాతి. ఎస్సిటలోప్రామ్, ఫ్లువాక్సిటిన్ అనునవి కూడ ఈ జాతివే. ఆ రెండును మన ప్రభుత్వము వారి అత్యవసర ఔషధముల పట్టికలో ఉన్నవి, ధరలో సామాన్యునికి అందుబాటులోనివే. విచారమునకు వాడు మందులు ఈ గాబరాకు పనిచేయునని మొదట కనిపెట్టినది 1960ల ఆరంభమున డొనాల్డ్ క్లైన్ అను అమెరికా వైద్యుడు. ఆనాటిది ఇమిప్రమిన్ అను మందు. ఇప్పటివి దానికన్న సులభముగ సహింపదగినవి. ఇవి కళ్లెము బిగింపవు. మెదడులో సెరటోనిన్ అను పదార్థము నడకను మార్చి, ఆ వృథా గంట మ్రోగుటను వారముల మీద తగ్గించును. ఎట్లు తగ్గించునో పూర్తిగ వివరింపగలవాడు ఇంకను లేడు. తగ్గించుట మాత్రము పలుమారులు పరీక్షింపబడిన సంగతి.

చిక్కు ఏమనగా, ఈ మందు మొదటి వారములోనే మేలు చేయదు. కొందరికి కీడు చేసినట్లు తోచును. మా శిల్పి అయిదవనాడే నా వద్దకు వచ్చి, "ఈ మందు వద్దు సార్. ఉన్నది చాలదని ఇంకా ఎక్కువైంది" అన్నాడు. కడుపులో త్రిప్పట, తలనొప్పి, ఒడలంతా చీమలు పారినట్లు చికాకు. చాలమంది ఇక్కడనే మానివేయుదురు, ఆ మందు నాకు పడలేదని జీవితాంతము చెప్పుకొందురు. కర్నూలు వైద్యునికి ఫోను చేయగా, మోతాదు సగము చేసి ఓపిక పట్టుమన్నాడు. నాలుగవ వారము గడచినది. ఒకనాడు అతని భార్య వచ్చి, "నిన్న తెల్లార్తోనే లేసి ఉలి పట్టినాడు సార్. ఆ శబ్దం ఇని నేను పొయ్యికాడ అట్లే నిలబడిపోయినా" అన్నది. మేలు వచ్చినట్లు రోగికన్న ముందు ఇంటివారికే తెలియుట నేను తరువాత కూడ చాలసార్లు చూచితిని.

ఈ మందునకు దోషములు లేవని చెప్పను. కొన్ని నెలల తరువాత అతడు నేలవైపు చూచుచు, దాంపత్య విషయమున ఆసక్తి తగ్గినదని చెప్పినాడు. అది ఈ జాతి మందులలో తరచుగ ఉన్నదే. రోగి సిగ్గుచేత చెప్పడు, వైద్యుడు సిగ్గుచేత అడుగడు, చివరకు మందు మూల పడును. అడిగినచో మోతాదు మార్చవచ్చును, మందు మార్చవచ్చును. ఇరువదియైదేండ్ల లోపు వారికి మొదటి వారములలో చచ్చిపోవలెనను తలంపులు ఒకప్పుడు పెరుగును గనుక ఇంటివారు కనిపెట్టియుండవలెను. గర్భిణులు వైద్యుని అడుగకుండ మొదలిడరాదు, మానరాదు. ఈ మందులకు వ్యసనము లేదు. అయినను హఠాత్తుగ మానినచో తల తిరుగుట, కలత నిద్ర ఉండును.

కాని కర్నూలు వైద్యుడు చేసినదానిలో సగము మందు, మిగిలిన సగము మందు కాదు. మొదటి దినముననే అతనిని తన గదిలో ఒకేచోట నిలిచి రెండు నిముషములు పరుగెత్తినట్లు కాళ్లాడించమన్నాడు. గుండె దడదడలాడినది. శిల్పి ముఖము పాలిపోయినది. "ఇప్పుడేమైంది?" అని వైద్యుడు. "దడ." "చచ్చిపోయినారా?" "లేదు." "కూర్చోండి, చూస్తూ ఉండండి." దడ తగ్గినది. దీనిని ప్రతిదినము ఇంటివద్ద చేయవలెనని చెప్పినాడు. వినుటకు పిల్లల ఆటవలె ఉన్నది. దడ వేరు, మరణము వేరు అని దేహమునకు నేర్పుట ఇది. మాటలతో నేర్పిన అది నేర్చుకొనదు. తరువాత వీథి చివరి వరకు ఒంటరిగ, బజారు వరకు, ఆళ్లగడ్డ బస్‌స్టాండు వరకు, బస్సులో దిగువ అహోబిలము వరకు. పోటు వచ్చినచో పారిపోరాదు. కూర్చుండి, ఊపిరి మెల్లగ వదలుచు, తగ్గువరకు ఉండవలెను. కాగితపు సంచిలో ఊపిరి పీల్చుమని పూర్వము చెప్పెడివారు. అది మంచిది కాదు, నిజముగ గుండెజబ్బు ఉన్నవానికి ప్రమాదము.

ఇట్టి శిక్షణ మందుతో సమానముగ పనిచేయునని, మానిన తరువాత కూడ దాని ఫలము ఎక్కువకాలము నిలుచునని పరిశోధకులు చెప్పుచున్నారు. అట్లయినచో మందు ఏల? నేను పలుమారులు ఆలోచించితిని. శిక్షణ నేర్పగలవారు మా ప్రాంతమున ఆనాడు మాకు అందుబాటులో లేరు. వాకిలి దాటలేనివాడు వారమువారము కర్నూలు పోలేడు. ఎగువ అహోబిలమున ముసలివారు ఎక్కు తీరు రెండు విధములు. కొందరు డోలీలో కూర్చుందురు. స్వామి దర్శనమగును గాని కాళ్లకు దారి తెలియదు, మరుసటి ఏడు మరల డోలీయే. కొందరు చేతికర్ర పట్టుకొందురు, నడచునది వారే. నా తూకము ఇదియే. ఏ మందు అయినను, వేసికొన్న తరువాత మనిషి నిన్న పోలేని చోటికి నేడు పోవుచున్నాడా యని చూతును. పోవుచున్నచో కర్ర. పోకుండ, నొప్పి తెలియకుండ మాత్రము ఉన్నచో డోలీ.

డోలీ ఎన్నడును వలదనుట లేదు. కాలు విరిగినవానిని మోయవలసినదే. మొదటి ఒకటి రెండు వారములు, సెర్ట్రాలిన్ పనికి రాకముందు, వేగపు బిళ్ల కొద్దిగ ఇచ్చు వైద్యులు ఉన్నారు. మద్యము అలవాటున్నవానికి, ముసలివారికి, లారీ నడుపువానికి మాత్రము అది కూడ ప్రమాదమే. పానిక్ జబ్బునకు ఈ బిళ్లలు వలదని ఇంగ్లండులోని నైస్ అను సంస్థ 2011లోనే సూచించినది. అమెరికా ఔషధశాఖ 2020లో ఆ జాతి మందులన్నిటి వివరపత్రములలో వ్యసనమును గురించిన గట్టి హెచ్చరిక చేర్పవలెనని ఆదేశించినది.

ఈ పొరపాటు తరువాత నేను ఇంకొక వైపునకు ఒరిగి, కొంతకాలము ఎవరికిని ఏ మందును వ్రాయక, ధైర్యము చెప్పి పంపుచుంటిని. అదియు తప్పే. ఒక ఉపాధ్యాయురాలు తరగతిలో పోటు వచ్చునని భయపడి రెండేండ్లు బాధపడినది. మందు మొదలిడినచో బ్రతుకంతయు మ్రింగవలెనని, పిచ్చిదను ముద్ర పడునని మానసిక వైద్యుని వద్దకు పోలేదు. నేనును గట్టిగ చెప్పలేదు. చివరకు ఉద్యోగము వదలుకొన్నది. మూడు రూపాయల బిళ్ల వద్దని నెల జీతము పోగొట్టుకొనుట ధైర్యమని నేను ఇప్పుడు అనను.

నంద్యాలలో బ్యాంకు పరీక్షలకు చదువు యువకులు చాలమంది. వారిలో ఒకడు, మిత్రులు వాడుచున్నారని, చేతివణకు తగ్గించు ప్రొప్రానొలాల్ వ్రాయుమని వచ్చినాడు. ఒక్కనాటి సభకంపమునకు అది పనికివచ్చును. కాని వానికి చిన్ననాటినుండి ఉబ్బసము. ఉబ్బసము ఉన్నవానికి ఆ మందు ఊపిరి బిగబట్టును. మిత్రుడు ఇచ్చిన బిళ్లకు ఈ సంగతి తెలియదు గదా.

మందు ఎవరికి అక్కరలేదు? ఏడాదికి ఒకటి రెండు పోటులు వచ్చి, అది ఏమిటో తెలిసికొని, తన పని తాను చేసికొనుచున్నవానికి అక్కరలేదు. నిద్ర, సమయమునకు భోజనము, టీ కాఫీలు తగ్గించుట, నడక చాలును. బస్సు, సంత, బడి, గుడి ఒక్కొక్కటే మానుకొనుచున్నవారు మాత్రము ఆలస్యము చేయరాదు. నలుబది దాటి మొదటిసారి దడ వచ్చినచో, లేక ఎదలో నొప్పి ఉన్నచో, గాబరా యని ఇంటిలో నిర్ణయింపక ముందు గుండెను చూపించుకొనవలెను.

బెంగుళూరు నిమ్‌హాన్స్ వారు 2015, 2016 సంవత్సరములలో పండ్రెండు రాష్ట్రములలో జరిపిన సర్వేలో, ఇట్టి సామాన్య మనోవ్యాధులు గలవారిలో నూటికి ఎనుబదిమందికి పైగా ఏ చికిత్సయు లేకున్నారని తేలినది. ఆ పండ్రెండింటిలో మన తెలుగు రాష్ట్రములు లేవు. మన లెక్క వేరుగ ఉండునని నాకు నమ్మకము లేదు. 2022 అక్టోబరు 10 నాడు కేంద్రప్రభుత్వము టెలి మానస్ అను సేవను ప్రారంభించినది. 14416 అను సంఖ్యకు రూపాయి ఖర్చు లేకుండ, పగలు గాని రాత్రి గాని ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. చచ్చిపోవలెనను తలంపు ఉన్నవారు తెల్లవారువరకు ఆగనక్కరలేదు.

మా శిల్పి సెర్ట్రాలిన్‌ను ఏడాదిన్నర వాడి, వైద్యుని సలహాతో మెల్లగ మానినాడు. ఏడాది బాగుండెను. తండ్రి పోయిన నెలలో పోటు మరల వచ్చినది. మందు ఓడిపోయినదని అతడు క్రుంగినాడు. ఈసారి నేను ఏమీ లేదని అనలేదు. వచ్చినది, ఇది వచ్చిపోవు జబ్బు, వెనుకటి దారి నీకు తెలియును అంటిని. మందు మరల మొదలైనది, గదిలో కాళ్లాడించుట మరల మొదలైనది. అల్‌ప్రజోలామ్ మాత్రము అతడు అడుగలేదు, నేను ఇయ్యలేదు.

మొన్నటి ఫాల్గుణమున బ్రహ్మోత్సవములకు భార్యతో పోయివచ్చి నాకు ప్రసాదము తెచ్చినాడు. జ్వాలా నరసింహుని వరకు నడచియే పోయినాడట. ఉగ్రస్తంభము సంగతి అడిగితిని.

"సగం దూరం పోయి కూర్చున్నా సార్. గుండె కొట్టుకుంది. కొట్టుకోనీ అనుకున్నా. అది తగ్గింది గానీ మోకాళ్లు తగ్గలేదు. దిగొచ్చినా."

మోకాళ్లకు ఒక తైలము వ్రాసి, చీటీమీద ఎన్ని దినములో కూడ వ్రాసితిని. సెర్ట్రాలిన్ మోతాదు ఉగాది వెళ్లిన తరువాత తగ్గింపవచ్చునేమో కర్నూలు వైద్యుని అడుగవలసియున్నది.